మండల కేంద్రంలో కంటి పరీక్షల సెంటర్: ఏ యంత్రం ముందు కొనాలి, ఏది తర్వాత

కల్వకుర్తి వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఆప్టోమెట్రీ (కంటి చూపు పరీక్షల కోర్సు) చదివి, హైదరాబాద్‌లో మూడేళ్లు పనిచేసి, ఇప్పుడు సొంతూరి దగ్గర సెంటర్ పెడదామనుకుంటున్నాడు. "అన్నా, ఓసీటీ మెషీన్ లోన్ మీద ఇస్తమంటున్నరు. తీసుకోవాల్నా?" అని అడిగాడు. ఓసీటీ అంటే కంటి వెనక ఉండే రెటీనా అనే తెరను పొరపొరగా స్కాన్ చేసి చూపే యంత్రం. కంటిని పెద్దది చేసి చూసే స్లిట్ ల్యాంప్ ఉందా అన్నాను. లేదన్నాడు. దగ్గర్లో రెటీనా డాక్టర్ ఎవరైనా తెలుసా అన్నాను. అదీ లేదన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. ఇలాంటి ఫోన్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి, అందుకే ఆ అరగంట మాటలను ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. దేవరకొండ ప్రాంతంలో పదకొండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఇందులో ఉన్నవన్నీ చేసి, కొన్ని తప్పు చేసి, నేర్చుకున్నవే.

యంత్రాలకు గిరాకీ ఎందుకు పెరిగిందో మీకూ తెలుసు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం, 2023 జనవరిలో వచ్చిన రెండో విడత, ఈ రెండింటితో ఊరూరా జనం యంత్రంలో కన్ను పెట్టి చూశారు. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఇప్పుడు మా సెంటర్‌కు వచ్చే పెద్దమ్మ గడపలోనే అంటుంది, "కంప్యూటర్ల సూడు బిడ్డా, కండ్లు మసకలు వస్తున్నయి" అని. దానికి తోడు షుగర్. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక షుగర్‌ను పట్టుకునే డాక్టర్లు పెరిగారు. "ఏడాదికోసారి కళ్లు చూపించుకో" అని చీటీ మీద రాసేవాళ్లూ పెరిగారు. ఆ చీటీ పట్టుకుని మనిషి ఎక్కడికి వెళ్లాలి? అక్కడే మీ అవసరం ఉంది. డీలర్లు మీ చుట్టూ తిరుగుతున్నదీ అందుకే.

అందుకని డీలర్ కేటలాగ్‌లో ఉన్న వరుసలో కొనకండి. మీ గడప తొక్కే జబ్బు ఏదో, దాన్ని పట్టుకున్నాక ఎక్కడికి పంపగలరో, ఆ వరుసలో కొనండి.

మొదట ఒక నోటుబుక్ కొనండి

యంత్రానికి అడ్వాన్స్ ఇచ్చే ముందు కనీసం ఒక నెల లెక్క రాయండి. మీ ఊళ్లో షుగర్ చూసే డాక్టర్ దగ్గర అనుమతి అడిగి వారానికి రెండు రోజులు కూర్చోండి. పీహెచ్‌సీలో ఏఎన్‌ఎంను, ఊళ్లలో ఆశా కార్యకర్తలను అడగండి. ఆర్‌ఎంపీలతో కూడా మాట్లాడండి, ఎందుకంటే కంట్లో ఏదైనా పడితే మనోళ్లు ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే. వచ్చినవాళ్ల వయసు, ఊరు, బాధ, షుగర్ ఉందా, ఎన్నేళ్లుగా ఉంది, ఇంతకుముందు కంట్లో చుక్కలు వేసి ఎవరైనా చూశారా, ఇవన్నీ రాయండి. ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. ఎనిమిదేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతూ, ఒక్కసారి కూడా రెటీనా చూపించుకోని వాళ్లు ఎంతమంది ఉన్నారో మీ నోటుబుక్కే చెబుతుంది.

ఒక్కో ప్రాంతంలో ఈ లెక్క ఒక్కోలా ఉంటుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి ఎక్కువ. కోతల్లో, నూర్పిళ్లలో ఊక, గింజ ఎగిరి నల్లగుడ్డు (కార్నియా) మీద గీత పడిన కేసులు వస్తాయి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు మోతిబిందు (శుక్లం) ముదిరిపోయి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే తాతలు వస్తారు. జడ్చర్ల, నకిరేకల్ లాంటి హైవే ఊళ్లలో రాత్రిపూట ఎదురు లైట్లకు చూపు ఆనడం లేదని లారీ డ్రైవర్లు వస్తారు. ఎవరు ఎక్కువగా వస్తే వాళ్లకు పనికొచ్చే యంత్రమే ముందు.

తర్వాత, పంపే దారి

దీన్ని యంత్రాల కంటే ముందు పెడుతున్నాను. జబ్బు ఉందని చెప్పి ఎటు వెళ్లాలో చెప్పకపోతే, ఆ మనిషికి టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు.

ఒక రోజు బస్సెక్కి మీరే వెళ్లి రండి. నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు తూడుకుర్తిలో ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థవారి ఆసుపత్రి ఉంది. ఉమ్మడి పాలమూరు వాళ్లకు మహబూబ్‌నగర్‌లో లయన్స్ రాంరెడ్డి కంటి ఆసుపత్రి ఉంది. జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద కేసులకు హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. వెళ్లినప్పుడు అడగాల్సినవి: రెటీనా డాక్టర్ ఏ రోజు ఉంటారు, గ్లకోమా (నీటికాసులు) ఎవరు చూస్తారు, లేజర్ ఉందా, ఓపీ చీటీ ఎన్ని గంటల దాకా ఇస్తారు, మన చీటీ మీద పంపితే ఎవరికి ఫోన్ చేయాలి. ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రెటీనా డాక్టర్ లేని రోజున పేషెంట్‌ను పంపితే ఒక రోజు కూలీ పోతుంది, ఛార్జీలు పోతాయి. ఆ మనిషి రెండోసారి వెళ్లడు.

గది

దూరపు చూపు పరీక్షకు 6 మీటర్లు కావాలి. అంత పొడవు గది లేకపోతే 3 మీటర్ల గదిలో అద్దం పెట్టి, తిప్పి రాసిన చార్ట్ వాడండి. అంతేగానీ 4 మీటర్లలో 6 మీటర్ల చార్ట్ వేలాడదీసి, మనసులో లెక్క సరిచేసుకోవద్దు.

ఇంకో గది పూర్తిగా చీకటి చేయగలిగేలా ఉండాలి. రెటీనా ఫోటో తీసే ఫండస్ కెమెరాకు ఇది తప్పనిసరి. రేకుల షెడ్డు అద్దెకు తీసుకోవద్దు. మన దగ్గర మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉంటే రేకుల కింద ఇంకా ఎక్కువ ఉంటుంది. చాలా యంత్రాల మాన్యువల్లో 35 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. ఆ ఒక్క గదికైనా ఏసీ పెట్టాల్సిందే. కరెంటు విషయానికొస్తే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్తింగ్ చూపించండి. తర్వాత ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి. గాలిదుమారం లేచిందంటే కరెంటు పోయి వచ్చి, పోయి వస్తుంది. అలా వచ్చే దెబ్బకే బోర్డులు కాలిపోతాయి. వారంటీలో అది రాదు.

చేతి పనిముట్లు: వేలల్లో వచ్చేవి, జీవితాంతం పనికొచ్చేవి

232 లెన్సుల ట్రయల్ సెట్, మంచి ట్రయల్ ఫ్రేమ్, కంట్లోకి వెలుగు వేసి నంబర్ తేల్చే స్ట్రీక్ రెటినోస్కోప్, కంటి లోపలికి చూసే డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్, టార్చి, కంటి మీద గీతలకు రంగు పట్టించే ఫ్లోరెసిన్ స్ట్రిప్పులు. వీటిలో రెటినోస్కోప్ గురించి కొంచెం చెప్పాలి. నంబర్ తనే చెప్పే ఆటోరిఫ్రాక్టర్ యంత్రం వచ్చాక చాలామంది దాన్ని డ్రాయర్‌లో పడేశారు. చదువుకున్న రోజుల్లో చేతికి వచ్చిన ఆ విద్యను పోనివ్వకండి. కుదురుగా కూర్చోని నాలుగేళ్ల పాప, నడుము వంగి గడ్డం యంత్రం మీద పెట్టలేని తాత, కరెంటు లేని తండాలో క్యాంపు, వీటన్నిటిలో మీకు అన్నం పెట్టేది రెటినోస్కోపే. అందులో వెలుగు ఎర్రగా, నిండుగా రాకుండా మసకగా వస్తే శుక్లం ముదిరిందని కూడా అక్కడే తెలిసిపోతుంది.

చార్టులు మూడు రకాలు పెట్టుకోండి: తెలుగు అక్షరాలది, ఇంగ్లిష్‌ది, చదువు రానివాళ్లకు 'ఈ' గుర్తులది. 'ఈ' చార్ట్ ముందు నిలబెట్టి "ఏ దిక్కు ఉంది?" అంటే కొందరు పెద్దవాళ్లు సిగ్గుపడి మాట్లాడరు. చెక్కతో చేసిన 'ఈ' ఒకటి చేతికిచ్చి, "ఇది అట్ల తిప్పు పెద్దమ్మా" అంటే చకచకా చూపిస్తారు. దగ్గర చూపుకు బియ్యం పళ్లెం ఒకటి పెట్టుకోవచ్చు. చత్వారం అద్దాలు పెట్టి "రాళ్లు కనబడుతున్నాయా?" అని అడిగితే, చార్ట్ మీద చిన్న అక్షరాలు చదివించిన దానికంటే సూటిగా జవాబు వస్తుంది. బియ్యం ఏరడం, సూదిలో దారం ఎక్కించడం కోసమే కదా వాళ్లు అద్దాలు అడుగుతున్నది.

స్లిట్ ల్యాంప్: లక్షల్లో పెట్టే మొదటి డబ్బు దీని మీదే

కంటి జబ్బును పట్టుకునే యంత్రాల్లో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. 1911లో గుల్‌స్ట్రాండ్ అనే స్వీడన్ డాక్టర్ చూపించిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. సన్నని చీలికలా వెలుగు పంపి, కంటిని పొరపొరగా పెద్దది చేసి చూస్తాం. మంచి లెన్సులు, దిట్టమైన బేస్ ఉంటే ఈ యంత్రం ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ పాతబడటం అన్న మాటే లేదు.

మన దగ్గర దీనికి అసలు పని నల్లగుడ్డు దెబ్బలు. ఒక ఉదాహరణ చెబుతాను. వరికోతల్లో ఒక అమ్మకు కంట్లో ఊక పడింది. ఎవరో పసరు పోశారు. తగ్గకపోతే మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి ఆరు రోజులు వేసుకుంది. ఆ సీసా తీసుకురమ్మని చూస్తే అది స్టెరాయిడ్. స్లిట్ ల్యాంప్ కింద ఫ్లోరెసిన్ వేసి నీలి వెలుగులో చూస్తే పుండు ఆకుపచ్చగా మెరిసింది, అంచులు ఈకల్లా ఉన్నాయి. ఫంగస్ పుండు అనే అనుమానంతో ఆ రోజే పంపించాను. చూపు కొంత దక్కింది, కంట్లో తెల్లటి పువ్వు మాత్రం మిగిలిపోయింది. మొదటి రోజే వచ్చి ఉంటే అదీ ఉండేది కాదు. కాబట్టి ఎర్రకన్నుతో వచ్చిన ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడగండి: ఏం పడింది, ఇంట్లో ఏం పోశారు, ఏ సీసా వాడారు. సీసా చూడకుండా పంపవద్దు.

ఒక్క విషయంలో మాత్రం యంత్రం దగ్గరికి తీసుకెళ్లొద్దు. సున్నం, యాసిడ్, పురుగుమందు కంట్లో పడితే ముందు నీళ్లు. కనీసం అరగంట ధారగా కడగాలి. రెప్ప తిప్పి లోపల ఇరుక్కున్న సున్నం ముక్క తీసేయాలి. చూపు పరీక్ష, స్లిట్ ల్యాంప్, రిజిస్టర్‌లో పేరు రాయడం, అన్నీ ఆ తర్వాతే. మీ అసిస్టెంట్‌కు కూడా ఇది నేర్పండి, మీరు భోజనానికి వెళ్లిన సమయంలోనే ఇలాంటి కేసు రావచ్చు.

కొనేటప్పుడు చీలిక వెలుగు సన్నగా, అంచు తెగినట్టు వస్తుందా చూడండి. నీలి ఫిల్టర్ ఉందా అడగండి. కంటి ప్రెషర్ కొలిచే అప్లనేషన్ టోనోమీటర్ తగిలించే చోటు ఉందా చూసుకోండి. కెమెరా ఉన్న మోడల్ ఇప్పుడే అక్కర్లేదు. ఫోన్‌ను ఐపీస్‌కు బిగించే అడాప్టర్‌తో డాక్టర్‌కు వాట్సాప్‌లో పంపే ఫోటో వస్తుంది.

కంటి ప్రెషర్ యంత్రం, నేను చేసిన తప్పు

గాలి ఊదే యంత్రం, అంటే నాన్ కాంటాక్ట్ టోనోమీటర్, కంటిని తాకదు. త్వరగా అయిపోతుంది. అప్లనేషన్ టోనోమీటర్ కంటిని తాకుతుంది, మత్తు చుక్కలు కావాలి, చేయి తిరగాలి. కానీ నమ్మకమైన అంకె ఇచ్చేది అదే. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలంటాం.

సెంటర్ పెట్టిన రెండో ఏడు ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ గాలి యంత్రం తీసుకున్నాను. "సర్వీస్ చేసే ఇస్తున్నాం" అన్నాడు, కాగితం అడగలేదు. మూడు వారాల్లో పదకొండు మందికి 26, 28 వచ్చాయి. అందరినీ భయపడుతూనే హైదరాబాద్ పంపాను. తొమ్మిది మందికి అక్కడ 15, 16 వచ్చాయి. వాళ్లలో ఒకామె పత్తి ఏరే కూలీ రెండు రోజులు పోగొట్టుకుని, బస్సు ఛార్జీకి అప్పు చేసి వెళ్లింది. ఆమె నాతో ఏమీ అనలేదు, కానీ మళ్లీ రాలేదు. యంత్రం కాలిబ్రేషన్, అంటే అంకె సరిగ్గా చూపించే అమరిక, తప్పింది. అది చూసుకోవాల్సింది నేను.

అప్పటినుంచి ఇలా చేస్తున్నాను, మీరూ చేయండి. రోజూ ఉదయం యంత్రం పెట్టగానే మీ కన్ను, అసిస్టెంట్ కన్ను కొలిచి గోడ క్యాలెండర్ మీద రాయండి. ఒక్కసారిగా నాలుగైదు అంకెలు పైకో కిందికో వెళితే ఆ రోజు దాన్ని వాడకండి. పేషెంట్‌కు ఒక్క ఊదుతో ఆపకుండా మూడు సార్లు తీసి సగటు రాయండి. 21 దాటితే అప్లనేషన్‌తో మళ్లీ చూడండి. అప్లనేషన్‌తో పాటు వచ్చే కాలిబ్రేషన్ కడ్డీతో 0, 20, 60 దగ్గర నెలకోసారి సరిచూడండి. కంటిని తాకిన ప్రిజంను ప్రతి మనిషికీ మధ్య కంపెనీ చెప్పిన పద్ధతిలో శుభ్రం చేయాలి. కండ్లకలక సీజన్‌లో దీన్ని వదిలేస్తే ఊరంతటికీ మీరే అంటించినవారవుతారు.

ప్రెషర్ మామూలుగా ఉందంటే గ్లకోమా లేదని కాదు. నల్లగుడ్డు పలుచగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది. 21 లోపు ఉన్నా కంటి నరం దెబ్బతినే వాళ్లు ఉన్నారు. అందుకే నరాన్ని కూడా చూడాలి, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అడగాలి. ఒకరికి తేలితే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పిలిపించండి. ఇక దురద కళ్ల పిల్లలు. ఎండాకాలం, దుమ్ము, కళ్లు నులుముకోవడం, మెడికల్ షాపు చుక్కలు నెలల తరబడి. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే చిన్న వయసులోనే ప్రెషర్ పెరుగుతుంది. అలాంటి పిల్లల ప్రెషర్ తప్పకుండా కొలవండి.

ఎర్రకన్ను, తలనొప్పి, వాంతులు, వెలుగు చుట్టూ రంగుల వలయాలు, వీటితో వచ్చిన మనిషికి ప్రెషర్ 40, 50 చూపిస్తే రేపు అనే మాటే లేదు. తలనొప్పి మాత్ర ఇచ్చి ఇంటికి పంపిన కేసులు చూశాను.

ఆటోరిఫ్రాక్టర్

'కంప్యూటర్ కంటి పరీక్ష' అని బోర్డు మీద రాసుకునేది దీని పేరు చెప్పే. సమయం మిగులుతుంది, జనానికి నమ్మకం వస్తుంది. కానీ ఇది జబ్బును పట్టదు, నంబర్ మాత్రమే చెబుతుంది. అదీ ఉజ్జాయింపుగా. పిల్లలు యంత్రంలోకి చూసేటప్పుడు కంటి కండరం బిగపట్టడం వల్ల మైనస్ ఎక్కువ చూపిస్తుంది. ఆ చీటీ చూసి నేరుగా అద్దాలు చేయించవద్దు. ట్రయల్ ఫ్రేమ్ పెట్టి చదివించి, పిల్లలకు అవసరమైతే డాక్టర్ సలహాతో చుక్కలు వేయించి, ఆ తర్వాతే రాయండి. డబ్బు తక్కువ ఉంటే దీన్ని ఆరు నెలలు ఆపినా ఏమీ కాదు.

ఫండస్ కెమెరా

నోటుబుక్‌లో షుగర్ వాళ్లు ఎక్కువగా కనబడితే స్లిట్ ల్యాంప్, ప్రెషర్ తర్వాత డబ్బు దీని మీద పెట్టండి. షుగర్ వల్ల రెటీనాలో నెత్తురు చుక్కలు మొదలైనా చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. "నాకు మంచిగనే కనబడుతుంది కదా" అనే మనిషికి ఏం చెప్పాలి? తన కంటి ఫోటో తనకే తెరమీద చూపించి, "ఇవిగో, ఈ ఎర్ర చుక్కలు" అంటే నమ్ముతాడు. పదకొండేళ్లలో ఇంత బలంగా పనిచేసిన మాట నాకు ఇంకోటి కనబడలేదు. మామూలుగా మనకు కనబడే టైప్ 2 షుగర్‌కు, తేలిన రోజునే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి రెటీనా చూడాలి. గర్భంతో ఉన్న షుగర్ తల్లులు ఇంకా తొందరగా చూపించుకోవాలి.

చుక్కలు వేయకుండా ఫోటో తీసే నాన్ మిడ్రియాటిక్ రకం కొనండి. ఇప్పుడు మనదేశంలోనే తయారవుతున్నాయి. బెంగళూరులో ఫోరస్ హెల్త్, రెమిడియో, చెన్నైలో అప్పసామి అసోసియేట్స్ లాంటి కంపెనీలు కంటి యంత్రాలు చేస్తున్నాయి. సర్వీస్ మనిషి దొరకడం ఇలాంటివాటికి తేలిక. టేబుల్ మీద పెట్టేదా, చేతిలో పట్టుకునేదా అన్నది మీ పనిని బట్టి ఉంటుంది. తండాల్లో క్యాంపులు చేస్తే చేతిది, రోజంతా సెంటర్‌లోనే ఉంటే టేబుల్‌ది.

ఫోటో బాగా రావాలంటే ముందు ఐదు నిమిషాలు చీకటి గదిలో కూర్చోబెట్టండి, కంటిపాప పెద్దదవుతుంది. ఒక కన్ను తీశాక వెంటనే రెండోది తీయవద్దు, ఫ్లాష్‌కు పాప చిన్నదైపోతుంది. రెండు నిమిషాలు ఆగండి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు పాప చీకట్లో కూడా పెద్దగా తెరుచుకోదు, మోతిబిందు ఉంటే పొగమంచులో తీసినట్టు వస్తుంది. అప్పుడు 'బాగుంది' అని రాయకండి. 'ఫోటో రాలేదు, డాక్టర్‌కు చూపించాలి' అని రాయండి. ఫోటో రాకపోవడం కూడా పంపించడానికి కారణమే.

చుక్కలు వేయాల్సి వస్తే కంటి డాక్టర్ రాతపూర్వక సూచనల ప్రకారం, స్లిట్ ల్యాంప్‌తో కంటి ముందు గది (నల్లగుడ్డు వెనక ఉండే ఖాళీ) లోతు చూశాకే వేయండి. బండి మీద ఒక్కరే వచ్చినవాళ్లకు వేయకండి. నాలుగైదు గంటలు మసకగా, ఎండ భరించలేనట్టు ఉంటుంది.

ఈ ఫోటోలో దాదాపు 45 డిగ్రీల మేర మధ్య భాగమే కనబడుతుంది. అంచుల్లో రెటీనా చిరిగినా దీంట్లో రాదు. కళ్ల ముందు మెరుపులు, ఈగలు, తెర పడినట్టు ఉంది అనే మనిషికి ఫోటో బాగుందని ధైర్యం చెప్పకండి, ఆ రోజే రెటీనా డాక్టర్ దగ్గరికి పంపండి. ఏఐ రిపోర్టులదీ అదే మాట. షుగర్ మచ్చలు వెతకమని నేర్పిన సాఫ్ట్‌వేర్ అవే వెతుకుతుంది, పక్కనున్న ఇంకో జబ్బును చూడకపోవచ్చు. నెలకు ఇంత అని మాట్లాడుకుని ఫోటోలు చదివే డాక్టర్‌ను పెట్టుకోండి.

ఓసీటీ, ఫీల్డ్ మెషీన్

ఫీల్డ్ మెషీన్ అంటే చూపు పక్కలకు ఎంత మేర ఆనుతుందో కొలిచేది. ఇవి లేకుండా గ్లకోమా, రెటీనా వైద్యం ఇప్పుడు నడవదు, నిజమే. కానీ ఇవి పదుల లక్షల్లోకి వెళ్లే యంత్రాలు, పైగా వాటి రిపోర్టు చదివి మందు మార్చే డాక్టర్ పక్కన ఉండాలి. వారానికి రెండు రోజులైనా కంటి డాక్టర్ మీ సెంటర్‌కు వస్తున్నప్పుడు, నెలకు ఎంతమందిని ఈ పరీక్షలకే బయటికి పంపుతున్నారో మీ రిజిస్టర్ చెబుతున్నప్పుడు ఆలోచించండి. అంతవరకు వద్దు.

డీలర్‌తో మాట్లాడేటప్పుడు

డెమో హోటల్ హాల్లో కాదు, మీ గదిలో, మీ కరెంటు మీద, మీ పేషెంట్ల మీద పెట్టించుకోండి. ఒక రోజంతా. హోటల్లో కుర్ర సేల్స్‌మన్ కంటి ఫోటో ఎంత బాగా వస్తుందో ఎవరైనా చూపిస్తారు, డెబ్బై ఏళ్ల తాత కన్ను తీయమనండి.

రాతలో తీసుకోవాల్సినవి ఇవి. తయారీ లైసెన్స్ లేదా దిగుమతి నంబర్: ఈ యంత్రాలు 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ పరిధిలోకి వస్తాయి. జీఎస్టీ బిల్లు. వారంటీ ఎన్నేళ్లు, అందులో విడిభాగాలు కలిశాయా. తర్వాత ఏఎంసీ (ఏటా కట్టే మరమ్మతు ఒప్పందం) ఏడాదికి ఎంత. ఇంజినీర్ ఎక్కడి నుంచి వస్తాడు, ఫోన్ చేసిన ఎన్ని రోజులకు వస్తాడు. సాఫ్ట్‌వేర్‌కు ఏటా డబ్బు కట్టాలా, కట్టకపోతే పాత ఫోటోలు తెరుచుకుంటాయా. ఈ ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు, అందుకే చాలామంది ఇరుక్కున్నారు. సెకండ్ హ్యాండ్ అయితే కాలిబ్రేషన్ కాగితం లేనిదే డబ్బు ఇవ్వకండి.

లోన్ లెక్క కూడా ముందే వేసుకోండి. నెలకు కిస్తీ 12 వేలు, పరీక్షకు మీరు తీసుకునేది 150 రూపాయలు అనుకోండి. కిస్తీకే 80 పరీక్షలు కావాలి. 25 పనిదినాలకు రోజుకు మూడు పైనే. దాని మీద ఏఎంసీ, కరెంటు, ఫోటోలు చదివే డాక్టర్ ఫీజు. మీ నోటుబుక్‌లో అంతమంది ఉన్నారా? లేకపోతే ఆ కిస్తీ అవసరం లేని మనిషికి పరీక్ష రాయమని మిమ్మల్ని తోస్తుంది. అలాంటి ఒత్తిడిలోకి దిగకండి.

జిల్లా వైద్యారోగ్య అధికారి కార్యాలయానికి వెళ్లి మీలాంటి సెంటర్‌కు ఏ రిజిస్ట్రేషన్ కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆప్టోమెట్రిస్టులు 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వస్తారు. మనం పరీక్ష చేస్తాం, అద్దాలు రాస్తాం, జబ్బు అనుమానం ఉంటే పంపుతాం. మందులు రాయడం, ఆపరేషన్ సలహా ఇవ్వడం డాక్టర్ పని. జనం "నువ్వే డాక్టర్‌వి కదా సార్" అంటారు. కాదని ప్రతిసారీ చెప్పండి.

రోజువారీ సంరక్షణ

సాయంత్రం మూసేటప్పుడు యంత్రాల మీద గుడ్డ కవర్లు కప్పండి. లెన్సు మీద దుమ్మును ముందు బ్లోయర్‌తో ఊదాకే తుడవాలి, లేకపోతే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. వానాకాలంలో లెన్సుల పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి. గడ్డం పెట్టే చోట, నుదురు ఆనించే చోట ప్రతి మనిషికీ తుడవండి, వాళ్ల కళ్ల ముందే తుడవండి.

శనివారం ఫోన్లు

పంపినవాళ్ల రిజిస్టర్ వేరుగా పెట్టండి. పేరు, ఊరు, ఎందుకు పంపాం, ఎక్కడికి, ఏ రోజుకు, వెళ్లారా. ఈ చివరి గడి నింపడానికి ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక గంట కేటాయించండి. "వెళ్లినవా తాతా? ఏమన్నరు?" అని అడగడమే. వెళ్లకపోతే ఎందుకో కనుక్కోండి. తోడు ఎవరూ లేరంటే, అదే ఆసుపత్రికి వెళ్లాల్సిన పక్క ఊరి మనిషితో కలిపి పంపండి. ఇద్దరు ముగ్గురిని కలిపితే భయం సగం పోతుంది.

ప్రతి మనిషి దగ్గరా రెండు నంబర్లు తీసుకోండి, ఒకటి ఊళ్లో ఉండేవాళ్లది, ఒకటి పనికి వెళ్లిన చోట దొరికేది. పాలమూరు, దేవరకొండ తండాల వాళ్లు దసరాకు, సంక్రాంతికి, ఉగాదికి వస్తారు, వారంలో మళ్లీ ముంబై, పుణె బస్సెక్కుతారు. పండగ మరుసటి రోజు సెంటర్ మూయకండి, ఫండస్ కెమెరాకు ఏడాదిలో ఎక్కువ పని ఉండేది ఆ వారమే. జబ్బు కనబడి, ఇక్కడ ఆగలేను అనే మనిషికి ఫోటో వాట్సాప్‌లో పంపి, ఇంగ్లిష్‌లో ఒక చీటీ రాసివ్వండి: ఎన్నేళ్ల షుగర్, చూపు ఎంత, ప్రెషర్ ఎంత, ఫోటోలో ఏం కనబడింది. ముంబైలో ఉండేవాళ్లకైతే బైకుల్లాలోని జేజే ప్రభుత్వ ఆసుపత్రి పేరు ఆ చీటీ వెనకాల తెలుగులో, హిందీలో రాయండి, ఆటోవాడికి చూపించుకుంటారు.